ఎడమ పక్క మిషను

పొద్దున్నే వంటింట్లో బీన్స్ తరుగుతూ అత్తగారు చెయ్యి ఆపింది. ఎడమ పక్కన ఎవరో తనతోపాటే తరుగుతున్నారు. ఒక్క లిప్త వెనకగా, పాపం, అందుకోవాలని. ఆమె ఆగితే ఆ చప్పుడూ ఆగింది. ముప్పై ఏళ్ళుగా ఇంతే. తల తిప్పితే గోడ తప్ప ఏమీ ఉండదని ఆమెకు తెలుసు. అయినా తిప్పదు.

"అమ్మా, ఆ బీన్స్ నీకేం అపకారం చేశాయి? నువ్వు కత్తి పట్టుకుంటే అవే గజగజలాడుతున్నాయి," అంటూ కొడుకు బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాడు. చొక్కాల ఫ్యాక్టరీలో కుట్టుపని మానేసి ఎన్నేళ్ళయినా ఆ సంగతి ఆమె చేతులకు ఇంకా తెలియలేదు.

భోజనాల బల్ల దగ్గర కోడలు లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. ఆమెది ఒక పెద్ద గోదాములో ఉద్యోగం. సామాన్లు సర్ది పెట్టెలు కట్టేవాళ్ళు గంటకి ఎన్ని కట్టాలో తేల్చడం ఆమె పని.

"పన్నెండింటికల్లా ఇది పంపించేస్తే గండం గడిచినట్టే అత్తయ్యా. గంటకి డెబ్బై."

"ఇప్పుడెన్ని కడుతున్నారు?"

"యాభై రెండు."

"మరి డెబ్బై ఎవరు కట్టారు?"

"ఒక పిల్ల ఉంది, చేతులు కాదు, చక్రాలు. నిన్న ఫోన్లో టైము పెట్టి పక్కన నిలబడ్డాను. గంటసేపూ నవ్వుతూనే కట్టింది."

అత్తగారు కత్తి కింద పెట్టింది. "మధ్యలో మంచినీళ్ళు తాగిందా?"

"గంటేగా అత్తయ్యా."

"అందుకోలేనివాళ్ళ సంగతి?"

"వాళ్ళ పేర్లు జాబితాలో ఎర్రరంగులో వస్తాయి. మూడు వారాలు వరసగా వస్తే వేరే ఆలోచన చేస్తారు."

"ఇంటికి పంపేస్తారని తిన్నగా చెప్పొచ్చుగా."

కోడలి ముఖం మాడిపోయింది. లాప్‌టాప్ మూత ఠపీమని వేసింది. "నేను కాకపోతే ఇంకొకరు వేస్తారు ఈ లెక్క. వాళ్ళు డెబ్బై అయిదు వేస్తారు. ఇన్నేళ్ళలో నా పనేమిటని ఈ ఇంట్లో ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. ఇవాళ అడిగారు, అదీ తప్పు పట్టడానికి."

"తప్పు పట్టడానికి కాదమ్మా. ఆ నవ్వుతూ కట్టిన పిల్లలాంటిదాన్నే ఒకప్పుడు నేనూ."

అత్తగారు చేతులు కొంగుకి తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"కాలర్లు కుట్టే వరసలో నేనే ముందు. ఒకరోజు మేనేజరు గడియారం పట్టుకొచ్చి నా పక్కన నిలబడ్డాడు. రోజూ కుట్టేట్టే కుట్టు అన్నాడు. నేను అలా కుట్టలేదు. నీళ్ళు తాగలేదు, దారం చూసుకోలేదు, తల ఎత్తలేదు. నా గొప్ప చూపించుకోవాలని. ముప్పై ఎనిమిది సెకన్లకో కాలరు. మర్నాడు గోడకి కాయితం అంటించారు. అందరికీ ముప్పై ఎనిమిదే."

"రోజూ ఎంతలో కుట్టేవారు?"

"యాభైలో."

కోడలు చూపు దించుకుంది.

"నా ఎడమ పక్క మిషను మీద ఒకావిడ ఉండేది. చెయ్యి నెమ్మది. కుట్టు మాత్రం గీత గీసినట్టుండేది. నత్తక్క అని పేరు పెట్టింది నేనే. వరసంతా నవ్వేవాళ్ళు, ఆవిడా నవ్వేది. కాయితం అంటించాక ఆవిడ నీళ్ళు తాగడం మానేసింది. తాగితే లేవాలి, లేస్తే ఆరు కాలర్లు పోతాయి. రెండేళ్ళు అలాగే నెట్టుకొచ్చింది. తర్వాత మూత్రపిండాలు పాడయ్యాయన్నారు. ఆస్పత్రికి వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు."

"దానివల్లే అని డాక్టర్లన్నారా?"

"ఎవరూ అనలేదు. నన్నూ ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది."

"ఎలా ఉండేవారు ఆవిడ?"

అత్తగారు నోరు తెరిచింది. ఆ చేతులు గుర్తొచ్చాయి. బొటనవేలి మీద సూది దిగిన మచ్చ గుర్తొచ్చింది. ముఖం మాత్రం రాలేదు.

"సరిగా చూడనే లేదమ్మా. పక్కకి చూస్తే కుట్టు తప్పుతుందని."

కోడలు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి పైఅధికారికి ఫోను చేసింది.

"సార్, ఆ డెబ్బై నేను పంపడం లేదు. ఒక్క అమ్మాయినే చూశాను, అదీ ఒక్క గంట. అందరినీ, షిఫ్టు మొత్తం, నీళ్ళకి లేచే టైముతో సహా చూడాలి. వారం కావాలి." అవతల గొంతు పెరగడం అత్తగారికీ వినిపించింది. "అవును సార్, తప్పు నాదే," అని కోడలు ఫోను పెట్టేసింది.

"ఏమన్నాడు?"

"సాయంత్రం వచ్చి కలవమన్నాడు. ముందు నా పేరే ఎర్రగా రాస్తాడేమో." నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

అత్తగారు ఆ ఫోను వంకే చూస్తోంది. "ఇంతేనా? ఇంతసేపేనా పట్టేది?"

"దేనికి అత్తయ్యా?"

"ఇది నా రోజువారీ కుట్టు కాదు సార్ అని చెప్పడానికి. ఆ రోజు అనలేకపోయాను. మర్నాడు అందామనుకున్నాను. ఆ తర్వాత రెండేళ్ళూ, పక్కనే కూర్చుని..."

కోడలు వచ్చి దగ్గరికి తీసుకుంది. అత్తగారు ఆ భుజం మీద తల ఆన్చి, ఎంతసేపు పడితే అంతసేపు ఏడ్చింది.