సిస్టర్ సంగమ్మ పరాచికం

"నోరు తెర్వున్రి" అంది సిస్టర్ సంగమ్మ, థర్మామీటర్ పట్టుకొని.

చెన్నబసప్ప తెరవలేదు.

"మాట్లాడుమంటలేను, తెర్వుమంటున్న!"

అది 1965. చెన్నబసప్పది కోహీర్ దగ్గర చెరుకు పండించే ఇల్లు. ఆ ఏడు పంట బాగా వచ్చింది, దిగులుపడే కారణం ఒక్కటీ లేదు. అయినా తిండి మానేశాడు, నిద్రపోడు, మంచం దిగడు. తల్లి బస్వమ్మ జహీరాబాద్ దవాఖానకు తీసుకొచ్చింది.

"దిష్టి గిట్ల తగిలిందా సారూ?"

"కాదమ్మా. మెదడులో ఒక నరం ఇంకో నరానికి రసాయనంతో కబురు పంపుతుంది. అది అవతలి నరంలో, తాళంకప్పలో తాళంచెవిలాగా, కుదరాలి. అది తగ్గితే మనసు కుంగుతుందని ఇప్పుడు అనుకుంటున్నారు. ఈ మాత్రలు దాన్ని నిలబెడతాయి" అన్నాడు డాక్టరు.

"రసమే తక్వైతే మా ఇంట్ల చెరుకురసం కడవలకొద్ది ఉన్నది గదా!"

అయినా మాత్రలే ఇచ్చారు. మెల్లగా ఆకలి వచ్చింది, నిద్ర పట్టింది. ఆ మాత్రలకు బీపీ తగ్గొచ్చని డాక్టరు చెప్పడంతో, చెన్నబసప్ప ఒక్కడే బస్సెక్కి బీపీ చూపించుకోవడానికి రాసాగాడు. చూపించుకున్నాక, మబ్బు లేని ఆకాశం వైపు చూసి "వానొచ్చెటట్లుంది" అంటూ దవాఖాన అరుగు మీదే కూర్చునేవాడు.

ఒకనాడు అనేశాడు. "సిస్టర్, నువ్వంటే నాకు మస్తు ఇష్టం."

సంగమ్మ గుండె ఝల్లుమంది. నోరు మాత్రం ఊరుకోలేదు. "గది మీరంటలేరు, మాత్ర అంటున్నది. బంద్ చేసినంక జెప్పున్రి, సూద్దాం!"

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. ఇంటికెళ్లి మాత్రలన్నీ బావిలో పారేశాడు.

తర్వాత అతను రాలేదు. వచ్చిన ప్రతి బస్సునూ సంగమ్మ కిటికీలోంచి చూసింది. చివరికి బస్వమ్మే ఏడుస్తూ వచ్చింది, కొడుకు మళ్లీ మంచం పట్టాడని. డాక్టరు ఇచ్చిన మాత్రలు, బీపీ మిషన్ తీసుకొని సంగమ్మ ఆమెతోపాటే బస్సెక్కింది.

చెన్నబసప్ప గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఎందుకు బంద్ చేసిన్రు?"

"ప్రేమ నాదో, మాత్రదో తేల్చుకుందామని."

"తేలిందా?"

"తేలింది. ఆకలి గుర్తొస్తలేదు, చేను గుర్తొస్తలేదు. నువ్వు గూడ గుర్తొస్తలేవు. నువ్వు జెప్పిందే నిజం."

ఇంత నిజాయితీగా ఎవరూ ఏ ఆడపిల్ల మనసూ విరిచి ఉండరు. సంగమ్మ కళ్లు నిండాయి.

"నా పరాచికమే తప్పు. మా నాయన కండ్లజోడు పెట్టుకుంటెనే నన్ను గుర్తుపడ్తడు. అట్లని నన్ను బిడ్డా అని పిలిచేది కండ్లజోడా?"

అతను ఇటు తిరిగాడు. ఆమె చేతిలోంచి మాత్ర తీసుకొని మింగాడు.

"ఇది పని జేయనీకి ఎన్ని దినాలైతది బిడ్డా?" అడిగింది బస్వమ్మ.

"మూడు నాలుగు వారాలు పడ్తది, పెద్దమ్మా."

"అయితే ముహూర్తం అటెన్క పెట్టిస్త. రేపే మీ నాయన తానకొస్త. కండ్లజోడు పెట్టుకొని కూసొమ్మను."

ఆ మాటతో సంగమ్మ బీపీ చూడాలన్న సంగతే మరిచిపోయింది.

పెళ్లి జరిగింది. మాత్రలు ఎప్పుడు మానాలో తర్వాత డాక్టరే చెప్పాడు. ప్రేమ సంగతి మాత్రం ఆయన్ని ఎవరూ అడగలేదు.