అందరూ బతికిన పుస్తకాలు

ఆదివారం ఉదయం కూతురు లైబ్రరీ సంచీతో వచ్చేసరికి అమ్మ వంటగదిలో గిన్నెలు తోముతోంది. ఇంటికప్పు ఎగిరిపోయేంత చప్పుడుతో తోముతోందంటే ఆవిడ మనసు బాగాలేదని ఇంట్లో అందరికీ తెలుసు. మోటార్ సైకిల్ మీద వెళ్లిన అన్నయ్య ప్రమాదంలో పోయి ఆ రోజుకి ఏడాది. ఈ ఏడాదిలో అమ్మ ఒక్కసారి కూడా ఏడవలేదు. వాడి ఊసెత్తితే చాలు, ఏదో పనుందని లేచి వెళ్లిపోతుంది.

నాన్నకి చూపు పోయి చాలాకాలమైంది. అంతకుముందు ఆయన ఊళ్లో లైబ్రరీ పుస్తకాలకు బైండింగ్ చేసేవాడు. కొడుకు పోయిన కొద్దిరోజులకే, "ఏదైనా చదివి వినిపించవే, పొద్దుపోవడం లేదు" అని భార్యని అడిగాడు. అప్పటినుంచీ అదే లైబ్రరీలో పనిచేసే కూతురు పుస్తకాలు మోసుకురావడం, అమ్మ రోజూ పొద్దున్నే పైకి చదవడం. పాత అట్టలున్నవే తెమ్మని నాన్న పట్టు. కొత్త పుస్తకాల వాసన పడదట.

"ఏడాదిలో బోలెడు చదివించుకున్నారు కదా నాన్నా. ఏది బాగా నచ్చింది?" అన్నయ్య మాట రాకుండా ఉండాలనే అడిగింది కూతురు.

"అన్నీ బాగున్నాయమ్మా," నాన్న కాస్త గట్టిగానే చెప్పాడు. "ఆ క్షయ వచ్చిన పంతులమ్మ లేదూ, ఎంచక్కా కోలుకుని మళ్లీ బడికెళ్లింది. జైల్లో పడ్డ దొంగ విడుదలై ఉద్యోగంలో చేరాడు."

కూతురు నోరెళ్లబెట్టింది. "పంతులమ్మ చచ్చిపోతుంది కదా నాన్నా! ఆ దొంగని ఉరి తీస్తారు!"

వంటగదిలో చప్పుడు ఆగిపోయింది.

కూతురు విసురుగా లోపలికెళ్లింది. "ఏంటమ్మా ఇది? కళ్లు కనబడని మనిషిని ఇన్నాళ్లూ మోసం చేశావా?"

"చేశాను. అయితే ఏంటి?" అమ్మ తడిచేతులు గుడ్డకి తుడుచుకుంది. "ఆయన ఇప్పటికే సగమైపోయారు. మళ్లీ ఎవరో చచ్చారని నా నోటితో ఎలా చెప్పను? దొంగవెధవైతే మాత్రం, వాడికీ ఓ తల్లుంటుందిగా!"

"ఇదంతా నాన్న కోసమా, నీ కోసమా? అన్నయ్య ఇక రాడని ఇప్పటికైనా ఒప్పుకోవా?"

"నోర్ముయ్!"

"దాన్నేం అనకు." నాన్న గోడ తడుముకుంటూ వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. "నువ్వు మార్చి చదువుతున్నావని నాకు మొదటి పుస్తకంతోనే తెలుసు. అవన్నీ నేను కుట్టినవే. చివరిదాకా చదవందే దేనికీ అట్ట వేసేవాణ్ని కాదు."

పాత అట్టల పట్టు ఎందుకో కూతురికి అప్పుడు అర్థమైంది.

"తెలిసీ ఎందుకు విన్నారండీ?" అమ్మ ఆయన వైపు తిరిగింది.

"ఏదో ఒక రోజు ఉన్నదున్నట్టు చదువుతావని. చదివితే ఏడుస్తావని. నువ్వు ఏడవకపోతే నేనెవరితో కలిసి ఏడవనే?"

ఆయన తడుముకుని అమ్మ చెయ్యి పట్టుకున్నాడు. "పడవవాడి కథ నిన్న మధ్యలో ఆపేశావు. చివరి పేజీ చదువు. మార్చకు."

"నా వల్ల కాదండీ."

"నేను పక్కనే ఉంటాగా."

అమ్మ ఆయన్ని ముందుగదిలోకి నడిపించి పక్కన కూర్చుంది. కళ్లజోడు రెండుసార్లు తుడిచి పెట్టుకుంది.

"తెల్లవారింది. పడవలన్నీ ఒడ్డుకి చేరాయి. తల్లి ఒక్కో పడవ దగ్గరికీ వెళ్లి చూసింది. కొడుకు..."

అలవాటుగా 'వచ్చాడు' అనబోయింది. వేలు పేజీలో ఉన్న మాట మీదే ఆగిపోయింది.

"కొడుకు రాలేదు."

పుస్తకం ఒళ్లోంచి జారిపోయింది. "రాలేదండీ! మనవాడు కూడా రాలేదండీ!" అంటూ ఆయన గుండెల మీద పడి ఇల్లదిరిపోయేలా ఏడ్చింది. ఏడాదిగా ఆయన ఎదురుచూసిన ఏడుపు అది. ఆమె తల నిమురుతూ తనూ చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. కూతురు కిందపడ్డ పుస్తకం తీసి, మడతపడ్డ పేజీ సరిచేసి, ఆ ఇద్దరి కాళ్ల దగ్గర కూర్చుంది.