ప్రతి పేజీలోనూ అదే పిల్లి

పొద్దున్నుంచీ క్లినిక్ ఫోను ఆగకుండా మోగుతోంది. క్లినిక్ వెబ్‌సైట్లో, పెంచుకోవడానికి ఇచ్చే ప్రతి కుక్క పేజీలోనూ, ప్రతి కుందేలు పేజీలోనూ ఒకటే ఒంటికన్ను పిల్లి ఫొటో కనిపిస్తోంది.

ఆ సైట్ పని చూసే కుర్రాడు వానలో తడిసి వచ్చేసరికి పశువుల డాక్టరు గ్లవ్స్ తొడుక్కుంటోంది. అతనికి కాస్త భయం వేసింది.

"ఏం చేశారు నా సైట్‌ని?"

"సర్దానండి. ఇదివరకు ఒక్కో జంతువుకి ఒక్కో ఫోల్డర్. దాని వివరాలూ ఫొటో అందులోనే ఉండేవి. నీట్‌గా ఉంటుందని ఫొటోలన్నీ ఒకే ఫోల్డర్లోకి మార్చాను."

"మారిస్తే?"

"మీరు ప్రతి ఫొటోకీ 'ముఖం' అనే పేరు పెట్టారు కదా. ఒకదాని మీద ఒకటి పడి, ఆఖరిదే మిగిలింది. పేజీలన్నిటికీ ప్రోగ్రాం దాన్నే తగిలించేసింది."

"అంటే తప్పు నాదా?"

"అయ్యో, నాదేనండి! చూసుకోకుండా కదిపాను. పాత కాపీ ఉంది. నిమిషంలో ఎవరి ఫొటో వాళ్లకి చేర్చేస్తాను."

"నిమిషం పనికి ఇంత వానలో రావడమెందుకు?"

"తిట్లు ఎదురుగా నిలబడి తింటే మర్యాదగా ఉంటుందని."

కౌంటర్లో కూర్చున్న డాక్టరు తండ్రి నవ్వు దాచుకోబోయి దగ్గాడు.

ఫొటోలు వెనక్కి వచ్చాయి. కానీ కళ్లు కనిపించని ముసలి కుక్క కోసం ఆ పూట రావలసిన టైలరమ్మ మాత్రం రాలేదు. ఏడాదిగా దాన్ని అడిగిన మనిషి ఆమె ఒక్కతే. ఫోనూ ఎత్తడం లేదు.

"పేజీలో పిల్లిని చూసి, కుక్కని ఇంకెవరికో ఇచ్చేశామనుకుని ఉంటుంది." డాక్టరు గొంతు తగ్గిపోయింది.

"పదండి, మనమే తీసుకెళ్దాం," అన్నాడు కుర్రాడు.

కారులో కుక్క అతని ఒళ్లో కూర్చుంది. చొక్కా నిండా బురద. అతను దాని చెవులు నిమురుతూ, వచ్చే ప్రతి మలుపూ దానికి ముందే చెబుతున్నాడు. డాక్టరు అటే చూస్తూ ఉండిపోయింది. సిగ్నల్ పచ్చగా మారింది. వెనకవాళ్లు హారన్ కొట్టారు.

కుక్కని చూడగానే టైలరమ్మ కుట్టుమిషను ఆపి లేచింది.

"ఇచ్చేశారనుకున్నానమ్మా. అప్పట్నుంచీ ఫోను ముట్టుకోబుద్ధి కాలేదు."

కుక్క వాసన చూసుకుంటూ వెళ్లి ఆమె పాదాల మీద పడుకుంది.

క్లినిక్ గుమ్మంలో చెప్పులు విడుస్తూ డాక్టరు అడిగింది.

"పాత ఫోల్డర్లు బాగానే ఉన్నాయి కదా, ఎందుకు కదిపారు?"

అతను తడి చొక్కా అంచు పిండుకున్నాడు.

"సైట్‌కి ఏ ఇబ్బందీ లేదండి. సర్దుతున్నానని చెబితే మాటిమాటికీ ఇక్కడికి రావచ్చని..."

"నా కోసమా?"

"పిల్లి కోసమైతే కాదు."

ఆమె నవ్వాపుకోలేకపోయింది. "ఆ ముక్క నోటితో చెప్పుంటే సరిపోయేదిగా! మీరు రాని రోజు నాకూ ఏం తోచదు."

కౌంటర్ వెనక నుంచి తండ్రి తల పైకెత్తాడు.

"బాబూ, ఇకనుంచి పనేమీ కల్పించుకోకు. ఊరికే రా. సైట్ మాత్రం ముట్టుకోకు."