సుంకులమ్మ చేతిజాడ

బారెడు పొద్దెక్కి మంచు ఆరగానే రేణుహస్తాలు చేలోకి దిగాయి. అరచేయంత యంత్రాలవి. కింద మెత్తటి గుడ్డ తొడిగిన వేళ్లు, పైన గిర్రున తిరిగే రెక్కలు. ఒక్కొక్కటీ పొద్దుతిరుగుడు పువ్వు ముందు ఆగి, దాని ముఖమంతా నిమిరి, ఆ పుప్పొడిని పక్క పువ్వుకు అంటిస్తూ సాగిపోతోంది. తేనెటీగలు కరువైపోయాక ఆలూరు చుట్టుపక్కల గింజ పడుతోందంటే వీటి చలవే.

చేని గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు నడిపెన్న. చూస్తున్నాడనడం కూడా ఎక్కువే. కళ్లు అటు తిరిగి ఉన్నాయి, అంతే. భార్య సుంకులమ్మ పోయి ఒక పంటకాలం దాటింది. మనిషికి ఒక్క చుక్క కన్నీరు రాలేదు. మట్టి చేసి వచ్చిన రోజే, బండికి ఛార్జింగ్ పెట్టారా అని అడిగాడు. ఊరంతా ముక్కున వేలేసుకుంది. వాళ్లదేం పోయింది, ఎన్నైనా అంటారు. పాపం, అతనికి ఏడవాలనే ఉంది. ఏడవడానికి లోపల ఏమీ దొరకడం లేదు.

హుసేన్‌బీ ఆజ్ఞాపలక పట్టుకుని వచ్చింది. రైతుసంఘం తరఫున ఈ యంత్రాలను నడిపేది ఆ అమ్మాయే.

“మామా, ఇయ్యాల కొత్త పాఠం ఎక్కిస్తాండాం. పోయిన వారం నువ్వు సరే అంటివే, అదే.”

“అంటినేమోలే.”

ఏమన్నాడో అతనికి గుర్తు లేదు. ఈమధ్య ఎవరేమడిగినా సరే అనడం సులువుగా ఉంది.

“అత్త చేతిజాడలో ఆ బొటనవేలి కదలిక తీసేస్తాండారు. దాంతో గింజకేం లాభం లేదంట. పువ్వు పువ్వుకూ ఛార్జింగ్ దండగ.”

రేణుహస్తాలకు పని నేర్పింది సుంకులమ్మే. పాత చీర పేలిక అరచేతికి చుట్టుకుని పువ్వు పువ్వునూ రుద్దే పని తెలిసిన చివరి ఆడవాళ్లలో ఆమె ఒకతె. ఆమె చేతికి తీగల తొడుగు వేసి, ఒక పూతకాలమంతా ఆ కదలికలను పట్టి యంత్రాలకు ఎక్కించారు. దాన్నే చేతిజాడ అంటారు. ఇప్పుడు దానికి వారసుడు నడిపెన్న గనుక, మార్చాలంటే అతని మాట కావాలి.

“సరేలే పాపా,” అని లేచాడు. సాళ్ల మధ్య ఒక యంత్రం ఆకుల్లో చిక్కుకుని కొట్టుకుంటోంది. దాన్ని విడిపించాలి.

చేలోకి వెళ్లేవాళ్లు నీలం తలగుడ్డ కట్టుకోవాలని సంఘం నియమం. పసుపు కడితే యంత్రం మనిషిని పువ్వనుకుంటుంది. నడిపెన్న పొద్దున దండెం మీద చేతికందింది చుట్టుకొచ్చాడు. అది సుంకులమ్మ పసుప్పచ్చ చీర పేలిక. చెవుల మీదుగా గడ్డం కింద ముడేసిన ఆ గుడ్డ మధ్య ఎండకు నల్లబడిన ముఖం, చుట్టూ అదే ఎత్తులో పువ్వులు.

చిక్కిన యంత్రాన్ని వదిలించి తలెత్తేసరికి, ఇంకొకటి ముఖం ముందు ఆగి ఉంది. మెత్తటి అరచేయి అతని బుగ్గలు నిమిరింది. విసిరికొడదామని చేయెత్తాడు. అంతలో దాని బొటనవేలు పైకి జరిగి, నొసటి మీద చెమట తుడిచినట్టు అడ్డంగా తుడిచింది.

ఎత్తిన చేయి ఎత్తినట్టే ఆగిపోయింది.

మూట దించినప్పుడూ, అన్నం ముందు కూర్చున్నప్పుడూ ఆమె సరిగ్గా ఇలాగే తుడిచేది. “ఏందే, నేనేమన్నా పసిపిల్లోణ్నా?” అని కసురుకునేవాడు. పువ్వులకూ అలాగే తుడిచేదని ఇప్పుడు తెలిసింది. గట్టు మీద కూర్చున్న మనిషికి బొటనవేలు ఏం కనిపిస్తుంది!

“పాపా! ఆపు! తీయొద్దు, తీయొద్దని చెప్పు!”

గట్టు మీద హుసేన్‌బీ తెల్లబోయింది. “ఎక్కిచ్చేసినా మామా! నువ్వు సరే అంటివి గదా! పాతది చెరిపేస్తేనే కొత్తది ఎక్కేది.”

నడిపెన్న గుడ్డ సరిచేసుకుని, పువ్వుల మధ్య ముఖమెత్తి నిలబడ్డాడు. ఇన్నాళ్లూ రాని ఏడుపు వెక్కి వెక్కి వచ్చింది. బుగ్గల మీది పుప్పొడి తడిసి ముద్దయింది.

మరో రేణుహస్తం వచ్చి ముందు ఆగింది. ఒక బుగ్గ నిమిరింది. రెండో బుగ్గ నిమిరింది. అతను కళ్లు మూసుకుని నొసలు ముందుకు చాచాడు.

యంత్రం పక్క పువ్వుకు వెళ్లిపోయింది.