అన్న ఫోన్‌కు వచ్చిన కబురు

అన్న కాఫీలో విషం కలిపినవాళ్లు అతను చూసుకునే గూఢచారి శాఖ సర్వర్ గదిలోంచి ఒక్క వస్తువే పట్టుకుపోయారు. బ్యాకప్ డిస్క్. సర్వర్‌లోని మొత్తం లినక్స్ సిస్టమ్‌కు నకలు. విదేశాల్లో మారుపేర్లతో బతుకుతున్న ఏజెంట్లందరి అసలు పేర్లూ అందులోనే ఉన్నాయి.

"మధ్యాహ్నానికల్లా ఆ ముఠా పేర్లు అమ్మేస్తుంది," అన్నాడు చీఫ్. "డిస్క్ చెరిపేసి రా. ప్రాణాలు మాత్రం తియ్యకు."

"మాటివ్వలేను సార్," అన్నాడు ఏజెంటు డేగ. చచ్చింది అతని సొంత అన్న మరి!

ఏసీ మెకానిక్ వేషంలో హోటల్ ఏడో అంతస్తు తలుపు తట్టాడు. తీసింది నెమలి. నిన్నటిదాకా డిపార్ట్‌మెంట్ ఏజెంటు, అన్నకు కాబోయే భార్య, తిన్నింటి వాసాలు లెక్కపెట్టిన మనిషి. ఎర్ర గౌను, చేతిలో సైలెన్సర్ పిస్టల్.

"మీసం నప్పలేదు మరిదీ. డిస్క్ దేశం దాటేసింది. గోడకేసిన సున్నమే అనుకో."

అంతలో డేగ జేబులో ఫోన్ మోగింది. అన్న ఫోన్. ఆపేయడానికి మనసొప్పక వెంట తిప్పుకుంటున్నాడు.

"తీసి చదువు," అంది నెమలి. "నీ వెనకెవరున్నారో చూద్దాం."

డేగ లోలోపలే చదువుకున్నాడు: 'లేచాను అన్నా. ఏడో అంతస్తు వైఫైలో ఉన్నాను.'

సర్వర్ ఆన్ అయినప్పుడల్లా ఎక్కడుందో తనకు చెప్పేలా అన్న ముచ్చటపడి చేసుకున్న ఏర్పాటది. ఆఫీసు సర్వర్‌ను దొంగలు చెరిపేసి పోతే, ఆపేసి సీలు వేశారు. అంటే లేచింది ఈ అంతస్తులోనే ఉన్న నకలే! ఈ ఫోన్ నుంచి అన్న వాడే లాగిన్ కూడా ఆ నకలులో భద్రంగా ఉంది. డేగ బొటనవేలు ఒక్క కమాండ్ నొక్కింది.

"ఎవరు?"

"అన్న. పేర్లు మటుకే తీసుకోవాల్సింది వదినా. సిస్టమ్ మొత్తం రిస్టోర్ చేసి, మా అన్నను కూడా లేపారు."

"అంతా డిస్క్‌తో సహా చెరిగిపోతోంది!" పక్కగదిలో కేకలు లేచాయి. నెమలి అటు తిరగగానే డేగ స్పానర్ ఆమె మణికట్టు మీద పడింది. పిస్టల్ అతని చేతికొచ్చింది. కాల్చేయాలని ఒళ్లంతా మండిపోతోంది. ముఠావాళ్లు పరుగున వచ్చి గుమ్మంలో ఆగిపోయారు.

వాళ్లందరికీ వినబడేలా అన్నాడు: "చెప్పినట్టే చేశావు వదినా. చాలా థాంక్స్!"

నెమలి మొహంలో నెత్తురు లేదు. పిస్టల్ గురి తప్పకుండా డేగ వెనక్కి నడిచి లిఫ్ట్ ఎక్కాడు.

సాయంత్రం, అన్న లాకర్‌లో దాచిన రెండో నకలుతో ఆఫీసు సర్వర్‌ను రిస్టోర్ చేశారు. ఫోన్ మళ్లీ మోగింది. 'లేచాను అన్నా.' అన్నీ తిరిగొచ్చాయి, అన్న తప్ప. డేగ అప్పుడు ఏడ్చాడు.

చీఫ్ రుమాలు అందిస్తూ అడిగాడు. "ప్రాణం తియ్యలేదు కదా?"

"అబ్బే, మర్యాదగా థాంక్స్ చెప్పి వచ్చాను సార్."