సగం చేపలు ఒకే బల్ల మీద

తెల్లచొక్కా వేసుకుని చేపల మార్కెట్‌కి వచ్చేవాళ్లు రెండు రకాలు. ఓట్లడగడానికి వచ్చేవాళ్లు, తెలియక వచ్చేవాళ్లు. మనవాడు రెండో రకం.

మత్స్యశాఖ ఆఫీసులో కొత్తగా చేరాడు. రోజూ పొద్దున్నే హార్బర్‌కి వెళ్లి, పడవలు దింపిన చేపల్ని కొలబల్ల మీద పెట్టి, ఏది ఎంత పొడవుందో పుస్తకంలో రాసుకోవడం అతని పని. ఆ ఉద్యోగం పాతికేళ్లుగా ఉంది. చేసినవాళ్లంతా ఫ్యాను కింద కూర్చునే చేశారు. కొలవడానికి చేప కావాలన్న ఆలోచన వాళ్లలో ఒక్కరికీ రాలేదు. మనవాడికి వచ్చింది. కుర్రతనం మరి.

మొదటిరోజు ఐసునీళ్లలో రెండుసార్లు జారి, మూడోసారి ఒక బల్ల పట్టుకుని ఆగాడు. ఆగినవాడు ఊరుకోకుండా, అడగకుండా, ఆ బల్ల మీద చందువ చేపని తీసి కొలబల్ల మీద పడుకోబెట్టాడు.

బల్ల వెనకాల రబ్బరుబూట్లు వేసుకున్న అమ్మాయి కత్తి పక్కన పెట్టింది.

"ఏంటి సారూ, దానికి చొక్కా కుట్టిస్తున్నారా?"

"కాదండీ, పొడవు..."

"కాస్త వదులుగా కుట్టమనండి. ఎదిగే వయసు."

చుట్టుపక్కల బల్లలన్నీ నవ్వాయి. మనవాడి చెవులు ఎర్రబడ్డాయి.

"కొంటారా?"

"కొననండీ. కొలుస్తాను."

"కొలిచి?"

"రాసుకుంటాను."

"రాసుకుని?"

"పై ఆఫీసుకి పంపిస్తాను."

"వాళ్లేం చేస్తారు?"

మనవాడు ఆలోచించాడు. "ఇంకా పైకి పంపిస్తారు."

"పాపం చేప! ప్రాణంతో ఉన్నప్పుడు కూడా అంత పైకి ఎగిరుండదు."

పక్కబల్ల పెద్దమ్మ జాలిపడి అతన్ని అవతలికి లాగింది. "దాంతో వాదన పెట్టుకోకు బాబూ. దాన్ని ఇక్కడ ప్లీడరమ్మ అంటారు. వేలంపాటవాడే దాని ముందు గొంతు తగ్గిస్తాడు."

ఆ పూటే అతనికీ ఒక పేరు పడింది. కొలతల సారు.

మర్నాడు మానేస్తాడనుకున్నారు. రబ్బరుబూట్లు కొనుక్కుని వచ్చాడు. ప్లీడరమ్మ వాటిని చూసి, "ఎడమది కుడికి, కుడిది ఎడమకి వేసుకున్నారు" అంది. నిజమే.

ఆమె అతనికో చట్టం పెట్టింది. మొదటి బేరం అయ్యేదాకా తన బల్ల ముట్టకూడదు. ఆ చట్టం మనవాడికి ఎంత నచ్చిందంటే, బేరం ఆలస్యమైతే బాగుండని రోజూ కోరుకునేవాడు. ఆమె తలపాగాలా చుట్టుకున్న తువ్వాలు కింద నుంచి జారిన వెంట్రుకల్ని మోచేత్తో తోసుకోవడం, ఐసు విరగ్గొట్టేటప్పుడు పళ్లు బిగించడం, వీటికి కొలబల్ల దొరక్క ఊరికే చూస్తూ నిలబడేవాడు.

ఒకరోజు ఆమె అడిగింది.

"ఆ చివరి బల్లల దగ్గర రెండేసి కొలుస్తారు. నా దగ్గర పది. నా చేపలేమన్నా తప్పు చేశాయా?"

"శాంపిల్ సైజు అండీ. ఎక్కువ కొలిస్తే లెక్క పక్కాగా వస్తుంది."

"ఓహో. లెక్క కోసమా?"

"లెక్క కోసమే."

"మరి పుస్తకం తలకిందులుగా పట్టుకున్నారేం?"

ఇంకోరోజు వాన దంచికొట్టింది. షెడ్డు రేకు ఎగిరిపోయి, సరిగ్గా ఆమె బల్ల మీద ధార పడుతోంది. మనవాడి చేతిలో గొడుగుంది. ఎదురుగా అమ్మాయి తడుస్తోంది. మనవాడు చటుక్కున గొడుగు తెరిచి, నోటుపుస్తకం మీద పట్టాడు.

ప్లీడరమ్మ మొహం మీద నీళ్లు తుడుచుకుని అతన్నే చూసింది. "మంచిపని చేశారు సారూ. కొలతలు తడిస్తే పోతాయి. మనుషులదేముంది, ఆరిపోతారు."

ఆ రోజంతా మనవాడు తనని తాను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయదగ్గవి కావు.

మూడోనెల చివర్లో షెడ్డు స్తంభానికి నోటీసు అంటించారు. "కొలతల ప్రకారం ఎదగని చేపల్ని పడుతున్నందున, చిన్న పడవలు మూడునెలల పాటు తీరం దగ్గర వేటకు పోరాదు. అభ్యంతరాలుంటే వచ్చే సోమవారం ఇక్కడే జరిగే విచారణలో చెప్పుకోవచ్చు."

ప్లీడరమ్మ నాన్నది చిన్న పడవ. ఆ పడవ వెళ్లకపోతే ఈ బల్ల మీద చేప ఉండదు.

మనవాడు వచ్చేసరికి ఆమె తన బల్లకి అడ్డంగా నిలబడింది. ఈసారి వెటకారం లేదు. అదే భయంకరంగా ఉంది.

"కొలిచింది నువ్వే కదా?"

"నేనే. కానీ నేను రాసింది అది కాదు..."

"మూడునెలలు మా గడపలో నిలబడి, మాకే గొయ్యి తవ్వావు. పో."

ఆ 'నువ్వు' మనవాడికి చెంపదెబ్బలా తగిలింది. పరుగున ఆఫీసుకి వెళ్లి పెద్దాఫీసరు ముందు నిలబడ్డాడు.

"సార్, చిన్న పడవల చేపలు బాగా ఎదిగినవి. పిల్ల చేపలన్నీ పెద్ద బోట్లవి. నా పుస్తకంలో ఉంది."

"నీ పుస్తకం ఎవరు చూశారయ్యా? నువ్వు చేరకముందే కాయితాలు సిద్ధమైపోయాయి."

"ఎవరు కొలిచారు సార్?"

"అనుభవం కొలిచింది." పెద్దాఫీసరు టీ ఊదుకున్నాడు. "పెద్ద బోట్లని ఆపితే నాకు పదిమంది ఫోన్ చేస్తారు. చిన్న పడవలవాళ్లకి నా నంబరే తెలీదు. సోమవారం ఫైలు పట్టుకుని నా వెనక నిలబడు. నోరు తెరవకు."

సోమవారం వేలంపాట షెడ్డు కిక్కిరిసింది. పెద్దాఫీసరుతో పాటు జిల్లా నుంచి ఒక పెద్దావిడ వచ్చింది, తుది మాట ఆమెదే. పెద్దాఫీసరు గంటసేపు మాట్లాడాడు. ఆయన మంచినీళ్లు తాగడానికి ఆగిన చిన్న సందులో మనవాడు నోరు తెరిచాడు.

"మేడమ్, ఈ అంకెలు ఎవరూ కొలవలేదు. కొలిచినవి నా దగ్గరున్నాయి."

పుస్తకం తెరిచి చదివాడు. ఏ రోజు, ఏ పడవ, ఏ చేప, ఎంత పొడవు. ప్లీడరమ్మ కళ్లు ఆర్పకుండా వింటోంది.

పెద్దాఫీసరు చటుక్కున పుస్తకం లాక్కున్నాడు. పేజీలు తిప్పాడు. మొహంలో మెల్లగా వెలుగొచ్చింది.

"మేడమ్, చూడండి. ప్రతి పేజీలో బల్ల నంబరు ఏడు. పన్నెండు వందల చేపల్లో ఆరువందలు ఒకే బల్ల మీదవి. ఏడో నంబరు బల్ల ఎవరిదమ్మా?"

తలలన్నీ ఒకేసారి ప్లీడరమ్మ వైపు తిరిగాయి.

"ఓ!" అన్నాడు పెద్దాఫీసరు. "ఏమయ్యా, ఇది సైన్సా, ఇంకేమన్నానా?"

షెడ్డు పగలబడి నవ్వింది. మనవాడికి నేల చీలితే బాగుండనిపించింది. సిగ్గు ఒక పక్క. ఆమె మొహం చూడాలని తీసిన కొలతలే ఇప్పుడు ఆమె నాన్న పడవని ఒడ్డున కూర్చోబెట్టేలా ఉన్నాయన్న బాధ ఇంకో పక్క.

"నవ్వడం అయిందా?" ప్లీడరమ్మ లేచింది. బుగ్గలు కందిపోయినా మాట తడబడలేదు. "మేడమ్, ఆ ఏడో బల్ల నాదే. ఆ ఆరువందలూ కొట్టేయండి. ఆయన ఎందుకు కొలిచాడో తర్వాత నేనే అడుగుతాను. మిగిలిన ఆరువందలు చదివించండి. ఆ బల్లల దగ్గర మా పెద్దమ్మలున్నారు, ముసలి బాబాయిలున్నారు. వాళ్ల మొహాలు చూసి ఎవరూ దొంగలెక్కలు రాయరు."

"ఏయ్!" అంది పక్కబల్ల పెద్దమ్మ.

జిల్లా మేడమ్ నవ్వు ఆపుకుంటూ, "చదవండి" అంది.

చదివాడు. ఏడో బల్ల తీసేసినా లెక్క మారలేదు. చిన్న పడవలవి ఎదిగిన చేపలు, పెద్ద బోట్లవి పిల్ల చేపలు. మేడమ్ అక్కడికక్కడే నోటీసు రద్దు చేస్తున్నట్టు రాసి సంతకం పెట్టింది. ఇక పెద్ద బోట్ల చేపల్ని కొలవమంది.

మర్నాడు పెద్దాఫీసరు మనవాడిని మూడో అంతస్తులో పాత రికార్డుల గదికి మార్చేశాడు. "హార్బర్ గాలి నీకు పడదు" అన్నాడు. మనవాడూ ఎదురు చెప్పలేదు. ఏ మొహంతో మార్కెట్‌కి వెళ్తాడు?

పదిరోజులు దుమ్ము తింటూ గడిపాడు. పదకొండో రోజు కింది అంతస్తు నుంచి ముక్కులు మూసుకుంటున్న గుమాస్తాల గొణుగుడు వినిపించింది. ఆ గొణుగుడు మెట్లెక్కుతూ దగ్గరైంది. గుమ్మంలో ప్లీడరమ్మ.

"మీ వాళ్లు నన్ను చూసి కిటికీలు తీస్తున్నారు. నేనైతే ఈ గది వాసనకి రావడమే మానేసేదాన్ని." కుర్చీ లాక్కుని కూర్చుంది. "అడుగుతానన్నాను కదా. ఆరువందలు ఎందుకు కొలిచారు?"

మళ్లీ 'మీరు'. మనవాడికి ప్రాణం లేచొచ్చింది. "మా పెద్దాఫీసరు ఆ రోజే చెప్పాడు కదండీ."

"ఆయన చెప్పింది నమ్మే మనిషిలా కనిపిస్తున్నానా? మీరు చెప్పండి."

మనవాడు లేచి నిలబడ్డాడు, విచారణలోలాగే. "మీరంటే నాకు ఇష్టం. మొదటిరోజు నుంచి. వానరోజు గొడుగు మీ మీదే పట్టాలనుకున్నాను, చెయ్యి మాట వినలేదు. రోజూ మీ తిట్లు వింటూ బతకాలనుంది."

ఆమె కిటికీలోంచి కిందికి చూసింది.

"మరి మీరేమంటారు?" అన్నాడు భయంగా.

"బల్ల పెద్దమ్మకి అప్పజెప్పి, ఎండలో బస్సెక్కి, మూడంతస్తులు ఎక్కొచ్చానండీ. ఇంకా రాసిమ్మంటారా?"

మనవాడు నవ్వబోయాడు, దుమ్ముకి తుమ్మొచ్చింది. ఆమె పకపకా నవ్వింది. వెటకారం లేని నవ్వు అతను వినడం అదే మొదలు.

"పదండి. నాన్న కింద ఉన్నాడు. ఆఫీసు మెట్లంటే ఆయనకి కాళ్లు వణుకుతాయి."

గేటు దగ్గర నల్లగా, గట్టిగా ఉన్న మనిషి చేతులు కట్టుకుని నిలబడున్నాడు. మనవాడిని పైనుంచి కిందిదాకా చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఈతొచ్చా?"

"రాదండీ."

ఆయన కూతురి వైపు చూశాడు. కూతురు నేల వైపు చూసింది. ఆమె నోరు మెదపకుండా నిలబడటం ఆయన ఎన్నడూ చూడలేదు.

"సరే, ఆదివారం పొద్దున్నే ఒడ్డుకి రా" అన్నాడు. "మా ఇంట్లో ఈత రానివాడు ఒక్కడూ లేడు."