దాలినాయుడు ఆపిన గోల్స్

ఈ సంగతి మొదట చెప్పింది జగ్గమ్మ. హార్బర్ ఎలెవెన్ ఫుట్‌బాల్ క్లబ్బు మైదానంలో నలభై ఏళ్ళు సున్నం గీతలు గీసిన మనిషి. గీత వంకరపోతే చెరిపి మళ్ళీ గీసేది గానీ, మాట మాత్రం వంకరపోనిచ్చేది కాదు. ఆ తరవాత చాలామంది చాలా రకాలుగా చెప్పారు. వాళ్ళలో ఒక్కడూ ఆ రోజు అక్కడ లేడు.

అది 2061. విశాఖపట్నంలో సముద్రం మీద తేలే స్టేడియం కట్టిన ఏడాది. ఊళ్ళో ఒక ల్యాబ్‌లో, గోడంత స్క్రీన్ ముందు దాలినాయుడు కూర్చున్నాడు. డెబ్భై రెండేళ్ళ మనిషి. పాత క్లబ్బు కోటు తొడుక్కుని, ఉక్కపోస్తున్నా మెడ దాకా గుండీలు పెట్టుకున్నాడు. స్క్రీన్ మీద అంకెలు గిర్రున తిరిగి, తిరిగి, ఒకచోట ఆగాయి.

పదకొండు.

"ఏటమ్మా ఇది? ఆటలా, గోల్సా?"

"గోల్సేనండి తాతగారూ. పద్నాలుగేళ్ళలో మీరు ఆపినవి," అంది డాక్టర్ సువర్చల.

"మూడొందల పన్నెండు మ్యాచులాడేను నాను. నీ మిషన్ మజ్జలో కునుకు తీసినట్టుంది."

ఆ మిషన్ పేరు డిఫెన్స్ మీటర్. గోల్ కొట్టినవాడి పేరు స్కోర్‌బోర్డు మీద వెలుగుతుంది. ఆపినవాడి పేరు ఎక్కడా ఉండదు. ఆ లోటు తీర్చాలని సువర్చల ఏడేళ్ళు కష్టపడి దాన్ని తయారుచేసింది. పాత మ్యాచ్ వీడియోలు ఎక్కిస్తే, బంతి డిఫెండర్ దగ్గరికొచ్చిన ప్రతిసారీ అతణ్ణి మైదానంలోంచి తీసేస్తుంది. అతను లేకుండా అదే ఆటను వెయ్యిసార్లు ఆడించి చూస్తుంది. సగానికి మించి గోల్ పడితే, అది అతను ఆపిన గోల్ కింద లెక్క. ఎక్కువ ఆపినవాడి పేరే కొత్త స్టేడియం గేటుకి పెడతారు. దాలినాయుడు కోటు బీరువాలోంచి తీసింది అందుకే.

పక్క కుర్చీలో కూర్మారావు ఉన్నాడు. అదే జట్టులో కుడివైపు డిఫెండర్. దాలినాయుడు చెల్లెలి మొగుడు కూడాను. 2019లో కప్పు గెలిచినప్పుడు గ్రూపు ఫొటోలో ముందుకి వచ్చి నిలబడి దాలినాయుడి సగం మొహం కప్పేశాడు. ఆ కోపం నలభై రెండేళ్ళయినా చల్లారలేదు.

కూర్మారావు లెక్క వచ్చింది. రెండువందల నలభై మూడు.

"లెక్క లెక్కే బావా," అన్నాడు కూర్మారావు, మీసం కింద నవ్వు దాచుకోకుండా.

"ఏటి లెక్క? నీ పక్క ఆర్టీసీ కాంప్లెక్సులా ఉండీది. వచ్చినోడు వచ్చినట్టే. నా పక్క చీమైనా దూరిందా?"

"అదే చిక్కు తాతగారూ. చీమ దూరితేనే మిషన్‌కి మీరు కనపడతారు," అంది సువర్చల. "బంతి రాని చోటు అది చూడదు."

"ఎందుకు రాలేదో అడగదా?"

"అడగదండి."

రాకపోవడానికి కారణం ఉంది. మ్యాచ్ మొదలైన అయిదు నిమిషాల్లోపు దాలినాయుడు ఎదుటి ఫార్వర్డ్‌ని ఒక్కసారి పడగొట్టేవాడు. ఫౌల్ కాదు. కాలు తాకేది బంతికే. కానీ అవతలివాడు నాలుగు పల్టీలు కొట్టేవాడు. అప్పుడు తనే చెయ్యిచ్చి లేపి, వీపుకి అంటిన మట్టి దులిపి, మెల్లిగా అడిగేవాడు: "టిఫిన్ తిన్నావా, తమ్ముడూ?" రిఫరీలు ఆ మర్యాదకి ముచ్చటపడేవారు. ఫార్వర్డ్ మాత్రం ఆట అయ్యేదాకా మరి ఆ పక్కకి వచ్చేవాడు కాదు. ఆ మాట ఏ వీడియోలోనూ వినపడదు.

"మీరు చెప్పింది నేను నమ్ముతానండి," అంది సువర్చల, అదంతా దాలినాయుడి నోట విని. "మిషన్ నమ్మాలిగా."

గేటుకి కూర్మారావు పేరు పెట్టారు. పేరు కింద ఇత్తడి రేకు మీద ఇద్దరి అంకెలూ చెక్కించారు.

ప్రారంభోత్సవానికి దాలినాయుడు రానన్నాడు. "అన్నియ్యా, రాకపోతే ఇంక నా గుమ్మం తొక్కొద్దు," అని చెల్లెలు చిట్టెమ్మ ఫోన్ చేస్తే కదిలాడు. వచ్చాడు గానీ లోపలికి పోలేదు. గేటుకి రెండు తలుపులు. మైదానానికి వీపు పెట్టి, ఎడమ తలుపు పక్కన కుర్చీ వేయించుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పద్నాలుగేళ్ళు ఎడమవైపు డిఫెండర్‌గా ఆడినవాడికి అది అలవాటైన చోటు.

పాత ఫార్వర్డ్‌లను ముప్ఫైమందిని పిలిచారు. బస్సు దిగి అందరూ తిన్నగా నడిచి వస్తున్నారు. ఎడమ తలుపు బార్లా తెరిచి ఉంది. కుర్చీలో మనిషిని చూశారు. ఒకరికొకరు చెప్పుకోలేదు, సైగ చేసుకోలేదు. బారు మొత్తం మెల్లగా ఒంగి కుడి తలుపు వైపు తిరిగింది. అక్కడ తోపులాట. ముసలాళ్ళ చేతికర్రలు ఒకదానికొకటి తగులుకున్నాయి. కుడి తలుపు దగ్గర దండలు వేయడానికి నిలబడ్డ కూర్మారావుని గోడకి అదిమేశారు.

వాళ్ళలో సికింద్రాబాద్ మఖ్సూద్‌కి చూపు తగ్గింది. అతనొక్కడే ఎడమవైపు నాలుగడుగులు వేశాడు.

"టిఫిన్ తిన్నావా, తమ్ముడూ?" అంది కుర్చీ.

మఖ్సూద్ ఉన్నచోటే గిరుక్కున తిరిగాడు. "తిన్నా అన్నా, తిన్నా! కాళ్ళే ఇటు తెచ్చినయ్, నా తప్పు లేదు!" అంటూ కుడివైపు జనంలో దూరిపోయాడు.

గేటు మీద జనాన్ని లెక్కపెట్టే కెమెరా ఉంది. సువర్చల ఆ లెక్క చూసింది. కుడి తలుపు ముప్ఫై, ఎడమ తలుపు సున్నా. పకపకా నవ్వింది. "ఏడేళ్ళు వీడియోలు చూశాను తాతగారూ. ఒక్కసారి ఈ కుర్చీని చూసుంటే సరిపోయేది."

నలిగిపోయిన దండతో కూర్మారావు బయటపడ్డాడు. "పద్నాలుగేళ్ళూ ఇంతే బావా! నువ్వు తరిమినోళ్ళంతా నా మీద పడీవోరు. నా మోకాళ్ళు నీ మూలంగానే పోయాయి. గేటు మీద సగం నీ పేరు రాయిస్తాను, పద."

"సగమా? ఫొటోలో సగం మొహం చాలదేటి?"

అయినా ఆ మధ్యాహ్నం ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని మ్యాచ్ చూశారు. కుడివైపు డిఫెండర్లను ఇద్దరూ కలిసి తిట్టారు.

గేటు రేకు మీద మాత్రం ఆ పదకొండు ఇప్పటికీ అలాగే ఉంది. స్టేడియం కమిటీవారు ఎవరైనా ఇది చదివితే, ఆ అంకె పక్కన ఒక్క ముక్క చెక్కించండి: "రానివాళ్ళను లెక్కపెట్టలేదు" అని. అక్షరాలు కాస్త పెద్దవిగా. ముందు ఎవరూ అడ్డం నిలబడకుండా.